నత్త నీలిరక్తం: అంగడి నుంచి ప్రయోగశాల దాకా

మధ్య ఐరోపాలో సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో, ద్రాక్షతోటల గట్ల మీద, పొదల నీడల్లో బతికే పెద్ద గోధుమరంగు నత్తకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హెలిక్స్ పొమాషియా. జీవరసాయన శాస్త్రంలో ఈ నత్తకు దక్కిన స్థానం మరే నేలనత్తకూ దక్కలేదు. అందుకు కారణం దాని శరీరంలోని విశేషం ఒక్కటే కాదు, దానిని పట్టి, పెంచి, అమ్మే వ్యాపారం రెండు వేల ఏళ్లుగా సాగుతూ ఉండటం కూడా. సీజరుకూ పాంపేకూ మధ్య అంతర్యుద్ధం మొదలవడానికి కొద్ది ముందు, తార్క్వీనియా ప్రాంతంలో ఫుల్వియస్ లిప్పినస్ అనే రోమన్ తినే నత్తల కోసం ప్రత్యేకంగా దొడ్లు కట్టించాడని, ఒక్కో జాతిని విడివిడిగా ఉంచి, కాచిన ద్రాక్షరసంలో పిండి కలిపి మేపాడని ప్లినీ తన ప్రకృతి చరిత్రలో నమోదు చేశాడు. తర్వాతి శతాబ్దాల్లో క్రైస్తవ ఉపవాస దినాల్లో మాంసం నిషిద్ధమైనప్పుడు నత్తను మాంసంగా లెక్కించకపోవడం మఠాలకు కలిసివచ్చింది. దక్షిణ జర్మనీలోని స్వాబియా కొండ ప్రాంతపు రైతులు వేసవిలో నత్తలను ఏరి, కంచె వేసిన మళ్లలో ఆకులు మేపి, చలికాలం రాగానే అవి గుల్ల నోటికి సున్నపు మూత బిగించుకుని నిద్రలోకి జారుకున్నాక పీపాల్లో నింపి, ఉల్మ్ పట్టణపు రేవు నుంచి పడవల మీద డాన్యూబ్ నది వెంట వియన్నా దాకా పంపేవారు.

పరిశోధకుడికి కావలసినది కూడా సరిగ్గా ఇటువంటి సరుకే. మూత బిగించుకున్న నత్త నెలల తరబడి తిండీ నీళ్లూ లేకుండా బతికే ఉంటుంది, అలమరలో పెట్టి ఉంచితే అవసరమైనప్పుడు తీసుకోవచ్చు, చవకగా దొరుకుతుంది, సూదితో రక్తం తీయడానికి వీలైనంత పెద్దది. ఆ రక్తం వెన్నెముక ఉన్న జంతువుల రక్తంలాగా మూసిన నాళాల్లోనే తిరగదు. గుండె నుంచి ధమనుల ద్వారా బయలుదేరి, అవయవాల చుట్టూ ఉన్న ఖాళీల్లోకి చేరి, వాటిని తడుపుతూ మళ్లీ గుండెకు వస్తుంది. అందుకే దానిని రక్తం అనడం కన్నా హీమోలింఫ్ అనడమే శాస్త్రంలో పరిపాటి అయినా, చదవడానికి తేలికగా ఉంటుంది కనుక ఇక్కడ రక్తం అనే మాటనే వాడటం జరిగింది. ఈ రక్తం మన రక్తంలాగా గడ్డకట్టదు. గాయమైన చోట కండరాలు ముడుచుకుంటాయి, రక్తకణాలు ఒకదానికొకటి అంటుకుని రంధ్రాన్ని పూడుస్తాయి.

దాని రంగు చాలా కాలం క్రితమే కంటబడింది. గాలి తగిలిన నత్త రక్తం లేత నీలంగా మారుతుంది, గాలి అందకపోతే దాదాపు రంగు లేకుండా ఉంటుంది. 1847లో ఎమిల్ హార్లెస్ అనే జర్మన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆక్టోపస్ కుటుంబపు జీవుల రక్తంతో పాటు హెలిక్స్ పొమాషియా రక్తాన్ని కూడా పరీక్షించి, ఆ నీలిరంగు ఉన్నచోట రాగి ఉందని ప్రకటించాడు. జంతు శరీరంలో రాగి అంటే ఆ కాలపు రసాయనజ్ఞులకు విషమో కల్తీయో తప్ప మరొకటి తోచేది కాదు కనుక, ఆ ఫలితానికి తగిన గుర్తింపు రావడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1878లో బెల్జియం శాస్త్రజ్ఞుడు లియోన్ ఫ్రెడరిక్, ఫ్రాన్స్ వాయవ్య తీరంలోని రోస్కాఫ్ సముద్ర పరిశోధన కేంద్రంలో ఆక్టోపస్ రక్తంపై పనిచేసి, రాగిని మోసే ఆ ప్రోటీనును వేరుచేసి హీమోసయనిన్ అని పేరుపెట్టాడు. మన ఎర్రరక్తంలో ఇనుము ఉన్న హీమోగ్లోబిన్ చేసే పనినే, అంటే ఆక్సిజన్‌ను పట్టుకుని అవసరమైన చోట విడిచిపెట్టే పనినే, ఈ నీలి ప్రోటీను చేస్తుంది. ఒక్కో ఆక్సిజన్ అణువును రెండు రాగి పరమాణువులు కలిసి పట్టుకుంటాయి. హీమోగ్లోబిన్ ఎర్రకణాల లోపల దాగి ఉంటే, హీమోసయనిన్ ఏ కణంలోనూ ఉండకుండా రక్తద్రవంలోనే కరిగి తిరుగుతుంది. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో జంతుశాస్త్రం చదివినవారికి ఈ విషయం కొత్తది కాదు. ప్రయోగశాలలో తరతరాల విద్యార్థులు కోసి చూసిన చెరువు నత్త పైలా గ్లోబోసా రక్తం లేత నీలంగా ఉండటానికి కారణం కూడా ఇదే ప్రోటీను.

నత్త రక్తం అసలు చరిత్ర మొదలైంది స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో. ఆ ఊరికి నత్తతో పరిచయం అప్పటికే ఉంది. అక్కడి రసాయన ఆచార్యుడు ఊలొఫ్ హామర్‌స్టెన్ 1885లో హెలిక్స్ గ్రంథుల జిగురు పదార్థాలను పరిశీలిస్తూ, గుడ్లకు ఆహారంగా పనికివచ్చే ఒక విచిత్రమైన చక్కెర పదార్థాన్ని వివరించాడు. నాలుగు దశాబ్దాల తర్వాత అదే విశ్వవిద్యాలయంలో థియొడర్ స్వెడ్‌బర్గ్ ముందున్న ప్రశ్న చాలా పెద్దది: ప్రోటీను అంటే అసలు ఏమిటి? ఆనాటి రసాయనజ్ఞుల్లో చాలామంది దృష్టిలో ప్రోటీన్లు కొలాయిడ్లు, అంటే చిన్నచిన్న అణువులు ఎక్కువగానో తక్కువగానో ముద్దకట్టి ఏర్పడిన, నిశ్చితమైన పరిమాణం లేని రేణువులు. ఉప్పుకో పంచదారకో ఉన్నట్లుగా ఒక ప్రోటీనుకు ఒకే అణుభారం ఉంటుందని చెప్పేవారు తక్కువ. ద్రావణాన్ని అతివేగంగా గిరగిర తిప్పితే, చిలికిన మజ్జిగలో వెన్న విడిపోయినట్లు, బరువైన రేణువులు ద్రవం నుంచి విడివడి అంచుకు చేరతాయి. అవి దిగే వేగాన్ని ఫొటోలు తీసి కొలవగలిగితే వాటి బరువు లెక్కకట్టవచ్చు. ఈ ఆలోచనతో 1920లలో స్వెడ్‌బర్గ్ తయారుచేసిన యంత్రమే అల్ట్రాసెంట్రిఫ్యూజ్. కొలాయిడ్ల అధ్యయనానికి 1926లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నత్త పని జరిగింది ఆ తర్వాత.

రుమేనియా నుంచి వచ్చిన యూజెన్ కిర్నోవాగాతో కలిసి స్వెడ్‌బర్గ్ హెలిక్స్ హీమోసయనిన్‌ను ఆ యంత్రంలో తిప్పి, 1928లో ఫలితాలు ప్రచురించాడు. రేణువులు రకరకాల పరిమాణాల్లో ఉండి ఉంటే, దిగుతున్న పదార్థపు అంచు చెదిరిపోయి, మసకగా కనబడాలి. కనబడినది గీత గీసినంత స్పష్టమైన అంచు. పైగా అది దిగిన వేగం ఊహకు అందనంత ఎక్కువ. లెక్కకట్టిన అణుభారం సుమారు 50 లక్షలు. అదే యంత్రంలో అంతకుముందు తూచిన హీమోగ్లోబిన్ అణుభారం 70 వేలకు లోపే. అంత పెద్ద అణువు ఉండటమే ఒక వింత అయితే, ఒక నత్త రక్తంలోని కోట్లాది అణువులన్నీ ఒకే కొలతకు ఉండటం అంతకు మించిన వింత. ప్రోటీనుకు నిశ్చితమైన పరిమాణం, ఆకారం ఉంటాయన్న భావన ఈ రోజు పాఠ్యపుస్తకంలో మొదటి పేజీ విషయం. ఆ భావనకు తొలి బలమైన సాక్ష్యాల్లో ఒకటి నత్త రక్తమే. తర్వాతి పరిశోధనలు ఆ అణుభారాన్ని ఇంకా పెంచి 90 లక్షల దరిదాపుకు చేర్చాయి. రేణువులు దిగే వేగానికి శాస్త్రజ్ఞులు వాడే కొలమానానికి స్వెడ్‌బర్గ్ పేరే పెట్టారు. ఆ కొలమానంలో నత్త హీమోసయనిన్ విలువ సుమారు 100.

స్వెడ్‌బర్గ్ బృందం గమనించిన మరో సంగతి తర్వాతి తరానికి ఇంకా ఎక్కువగా ఉపయోగపడింది. ద్రావణపు ఆమ్ల క్షార స్థాయిని మార్చితే హీమోసయనిన్ సగాలుగా, ఇంకా మార్చితే పదో వంతులుగా విడిపోతుంది. స్థాయిని తిరిగి పూర్వస్థితికి తెస్తే ఆ ముక్కల్లో చాలా భాగం మళ్లీ కలిసి పూర్ణ అణువులవుతాయి. ఇటువంటి ఫలితాల మీద ఆధారపడి స్వెడ్‌బర్గ్ ప్రపంచంలోని ప్రోటీన్లన్నీ ఒకే మూలభారానికి గుణిజాలని ఒక సూత్రం కూడా ప్రతిపాదించాడు. అది నిలవలేదు. సూత్రం తప్పైనా, పెద్ద ప్రోటీన్లు చిన్న భాగాల కూర్పు అన్న పరిశీలన మాత్రం నిజమే. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ వాన్ బ్రుగెన్, సహచరులు 1962లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన చిత్రాల్లో ఆ కూర్పు కంటికి కనిపించింది. పక్క నుంచి చూస్తే దీర్ఘచతురస్రంగా, పై నుంచి చూస్తే వలయంగా కనిపించే బోలు స్తంభాలు అవి. ఒక్కో స్తంభంలో 20 ఉపభాగాలు, ఒక్కో ఉపభాగంలో ఆక్సిజన్‌ను పట్టే 8 ముడులు, వెరసి 160 చోట్ల 320 రాగి పరమాణువులు ఉంటాయని తర్వాత తేలింది. ఇంత వైభవమైన నిర్మాణం గురించి వందల పుటలు రాసినవారిలో ఎక్కువమంది దృష్టి ప్రోటీను భౌతిక లక్షణాల మీదే నిలిచింది. ఆ ప్రోటీనును మోసే నత్త జబ్బుపడితే దాని రక్తం ఏం చేస్తుందన్న ప్రశ్న ఉప్సలాలో గానీ గ్రోనింగెన్‌లో గానీ ప్రధానమైనది కాలేదు.

రెండో ఘట్టానికి మూలం మనుషుల రక్తవర్గాలు. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టీనర్ మనుషుల రక్తాన్ని వర్గాలుగా విభజించాక, రక్తమార్పిడికీ నేరపరిశోధనలో రక్తపు మరకల గుర్తింపుకూ నమ్మదగిన పరీక్షా ద్రావణాలు అవసరమయ్యాయి. ఏదో ఒక వర్గపు ఎర్రకణాలను మాత్రమే గుంపులుగా అతికించి కింద పేరుకునేలా చేసే పదార్థం దొరికితే చాలు, పరీక్ష సిద్ధమైనట్లే. మొదట్లో ఆ పదార్థాన్ని మరో వర్గపు మనుషుల రక్తరసం నుంచి తీసేవారు. మొక్కల గింజల్లోనూ రక్తకణాలను అతికించే ప్రోటీన్లు ఉన్నాయన్న సంగతి అంతకుముందే బయటపడింది. 1888లో, నేటి ఎస్తోనియాలోని డోర్పాట్ విశ్వవిద్యాలయంలో పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ ఆముదం గింజల విషంతో దానిని నిరూపించాడు. అయితే ఆముదం వర్గభేదం చూపదు. 1940ల చివర హెల్సింకీలో రెంకొనెన్, బోస్టన్‌లో విలియం బాయిడ్ కొన్ని చిక్కుడు జాతి గింజలు ఎ వర్గాన్ని ఎంచుకుని అతికిస్తాయని కనుక్కున్నారు. ఇలా ఒక నిర్దిష్ట చక్కెరను గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్లకు లెక్టిన్లు అనే పేరు 1954లో బాయిడ్ పెట్టినదే. తెలుగు పాఠకుడికి దగ్గరి ఉదాహరణ ఈ పరంపరలోనే ఉంది. 1951లో పూనాలోని సైనిక వైద్య కళాశాలలో పనిచేస్తున్న జి.డబ్ల్యు.జి. బర్డ్ ఉలవల సారం ఎ వర్గంలోని ఎ1 ఉపవర్గపు కణాలను ప్రత్యేకంగా అతికిస్తుందని ప్రకటించాడు. ఉలవచారు కాచే ఇళ్లకు ఈ సంగతి చేరినట్లు లేదు గానీ, రక్తనిధుల్లో ఉలవల లెక్టిన్ నేటికీ వాడుకలో ఉంది.

ఇదంతా గింజల చరిత్ర. నత్త అందులోకి ప్రవేశించింది 1965లో, ఒకేసారి రెండు చోట్ల. తూర్పు బెర్లిన్‌లోని హుంబోల్ట్ విశ్వవిద్యాలయంలో నేర వైద్యశాస్త్ర విభాగాధిపతి ఓటో ప్రొకోప్, తన సహచరులతో కలిసి హెలిక్స్ పొమాషియాలో ఎ వర్గపు కణాలను అతికించే పదార్థాన్ని కనుక్కున్నాడు. వేడిని తట్టుకునే ఆ పదార్థం యాంటీబాడీలా ప్రవర్తిస్తున్నా యాంటీబాడీ కాదని చెప్పి, అది పుట్టే చోటు ఏదని ఆరా తీసి, గుడ్ల చుట్టూ పోషక ద్రవాన్ని చేర్చే ఆల్బుమిన్ గ్రంథిలో అది పుష్కలంగా ఉందని తేల్చాడు. అదే ఏడాది బోస్టన్‌లో బాయిడ్, రెబెకా బ్రౌన్ కలిసి మధ్యధరా ప్రాంతపు మరో తినే నత్త ఒటాలా లాక్టియాలో అటువంటి పదార్థాన్నే వర్ణించారు. ఆస్ట్రియాలో పుట్టిన ప్రొకోప్ 1957 నుంచి 1987 దాకా బెర్లిన్ విభాగాన్ని నడిపాడు, హోమియోపతి వంటి వైద్య పద్ధతులపై కఠినమైన విమర్శకుడిగా జర్మనీలో ఆయనకు మరో పేరు ఉంది. పశ్చిమ జర్మనీ నగరం కొలోన్‌కు చెందిన గెర్‌హార్డ్ ఊలెన్‌బ్రుక్ ఆయనతో కలిసి రక్తవర్గాల మీద పాఠ్యగ్రంథం రాశాడు. 1961లో బెర్లిన్ గోడ లేచిన తర్వాత కూడా వారి ఉమ్మడి పరిశోధన సాగడం ఆ కాలపు రాజకీయాలు తెలిసినవారికి చిన్న విషయంగా తోచదు.

బాయిడ్ దృష్టి అణువు మీదే నిలిస్తే, ప్రొకోప్ బృందం మరో అడుగు వేసింది. మనిషి రక్తవర్గంతో నత్తకు ఏ పనీ లేదు, నత్త జీవితంలో ఎప్పుడూ ఎ వర్గపు ఎర్రకణం ఎదురుకాదు. కనుక ఆ పదార్థం మరేదో కారణంతో అక్కడ ఉండాలి. హెలిక్స్ నత్త మట్టిలో గుంట తవ్వి, పదుల సంఖ్యలో గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. పిల్లలు బయటికి రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. చక్కెర నిండిన ఆ గుడ్లను సూక్ష్మజీవులు నిండిన తడిమట్టిలో అన్ని రోజులు కాపాడేది ఎవరు? గ్రంథి నుంచి గుడ్డు చుట్టూ చేరే లెక్టిన్ ఆ కాపలా కాస్తుందని వారు ప్రతిపాదించి, ఇటువంటి పదార్థాలకు ప్రొటెక్టిన్లు అని పేరుపెట్టారు. ఆ పేరు నిలవలేదు, లెక్టిన్ అన్న పేరే వ్యాపించింది. ఆలోచన మాత్రం బలమైనదే, ఎందుకంటే అదే నత్త లెక్టిన్ సి వర్గపు స్ట్రెప్టోకోకస్ బాక్టీరియాను కూడా గుంపులుగా అతికిస్తుందని తేలింది. ఎ వర్గపు ఎర్రకణం మీద, ఆ బాక్టీరియా పైపొర మీద చివరన ఉండే చక్కెర ఒక్కటే: ఎన్-అసిటైల్ గెలాక్టోసమీన్. ఉలవల లెక్టిన్ గుర్తుపట్టేదీ అదే చక్కెరను.

1969లో స్వీడన్‌కు చెందిన స్టెన్ హామర్‌స్ట్రోమ్, న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయపు ఎల్విన్ కబాట్ ఈ లెక్టిన్‌ను శుద్ధిచేసి, ఏ చక్కెరకు ఎంత గట్టిగా అంటుకుంటుందో కొలిచారు. అణుభారం సుమారు 79 వేలు. ఆరు సమాన భాగాలు, ఆరు అంటుకునే చోట్లు ఉండటం వల్లే అది ఒకేసారి చాలా కణాలను పట్టి అతికించగలుగుతుంది. శుద్ధమైన లెక్టిన్ చేతికి వచ్చాక అది జీవశాస్త్రజ్ఞుల పనిముట్టు అయిపోయింది. 1970లలో తెల్లరక్తకణాల రకాలను వేరుచేయడానికి వాడారు. 1987లో, తిరిగి 1991లో, లండన్‌లో ఆంథొనీ లెథెమ్, సూజన్ బ్రూక్స్ రొమ్ము క్యాన్సర్ కణజాలానికి ఈ లెక్టిన్ రంగు పట్టించి చూసి, అది బాగా అంటుకున్న కణితులే శరీరంలో ఇతర చోట్లకు పాకే అవకాశం ఎక్కువని లాన్సెట్ పత్రికలో రాశారు. ఆసుపత్రుల్లో నిత్యపరీక్షగా అది స్థిరపడకపోయినా, క్యాన్సర్ కణం తన పైపొర చక్కెరలను ఎలా మార్చుకుంటుందో అర్థం చేసుకోవడానికి దారిచూపింది. 2006లో దాని స్ఫటిక నిర్మాణం బయటపడింది, 2011లో దాని జన్యువులను గుర్తించి బాక్టీరియాలో ప్రవేశపెట్టి ఆ ప్రోటీనును తయారుచేయడం కూడా సాధ్యమైంది. నత్తను బాక్టీరియా నుంచి కాపాడే ప్రోటీనును చివరికి బాక్టీరియా చేతనే చేయించారన్నమాట.

లెక్టిన్‌కు ఇంత ఆదరణ దొరికిన కాలంలో, నత్త తన ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవిని ఎలా ఎదుర్కొంటుందన్న ప్రశ్న కణాలను పరిశీలించేవారి చేతుల్లో నెమ్మదిగా సాగింది. ఆ దారి కూడా నత్తల బంధువుతోనే మొదలైంది. ఎర్నెస్ట్ హెకెల్ ఇటలీ తీరంలో టెథిస్ అనే గుల్లలేని సముద్రపు నత్త ఒంట్లోకి నీలిమందు రేణువులు ఎక్కించి, వాటిని దాని రక్తకణాలు లోపలికి తీసుకోవడం చూసి 1862లో రాశాడు. అయితే అది రక్షణ చర్య అని ఆయనకు తట్టలేదు. ఇరవై ఏళ్ల తర్వాత 1882లో మెసినాలో నక్షత్రచేప పిల్లల మీద ప్రయోగం చేసిన ఇల్యా మెచ్నికోవ్ ఆ సంగతిని గ్రహించి కణభక్షణ సిద్ధాంతాన్ని నిలబెట్టాడు, 1908లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరానికి చెందిన లూసియెన్ క్యూనో ఆ తర్వాతి దశాబ్దాల్లో నత్తలతో సహా మృదులాంగుల శరీరంలో పరాయి రేణువులను మింగే కణాలు ఏయే అవయవాల్లో ఉంటాయో వెతికాడు.

ఈ రెండు దారులు, ద్రవంలోని ప్రోటీన్ల దారి, మింగే కణాల దారి, కలిసింది 1970లలో. క్రిస్టఫర్ బెయిన్ బాక్టీరియాను, హాంబర్గ్‌లో లోథార్ రెన్‌వ్రాంట్జ్ బృందం మనిషి ఎర్రకణాలను బతికున్న హెలిక్స్ నత్త ఒంట్లోకి ఎక్కించి, వ్యవధి వ్యవధికి రక్తం తీసి అవెంత వేగంగా మాయమవుతున్నాయో లెక్కపెట్టారు. ఎర్రకణాలను ముందే నత్త రక్తద్రవంలోనో ఆల్బుమిన్ గ్రంథి సారంలోనో నానబెట్టి ఎక్కిస్తే అవి ఇంకా త్వరగా తొలగిపోతాయని 1978లో రెన్‌వ్రాంట్జ్ బృందం చూపింది. ద్రవంలోని ప్రోటీను పరాయి కణానికి అంటుకుని గుర్తు వేస్తే, మింగే కణం ఆ గుర్తును చూసి పట్టుకుంటుంది. వైద్యశాస్త్రంలో ఆప్సనైజేషన్ అనే ఈ ప్రక్రియను మన శరీరంలో యాంటీబాడీలు చేస్తాయి. నత్తకు యాంటీబాడీలు లేవు, టీకా వేస్తే నేర్చుకుని ఏళ్ల తరబడి గుర్తుంచుకునే మన తరహా ఏర్పాటూ లేదు. ఉన్నదల్లా పుట్టుకతో వచ్చిన లెక్టిన్ల సంచీ, మింగే కణాల దండు. ఈ ప్రయోగాలే ఈ చరిత్రలో అత్యంత విలువైనవి, ఎందుకంటే వీటిలో మొదటిసారిగా నత్త ప్రోటీనును నత్త కోసమే అడిగిన ప్రశ్నతో పరీక్షించారు.

భారతదేశానికి ఈ చరిత్రలో వాటా రావడానికి ఒక జంతుప్రేమికుడి తొందరపాటు కారణమైంది. బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగి, నత్తగుల్లల నిపుణుడు అయిన విలియం బెన్సన్, తూర్పు ఆఫ్రికాకు చెంది మారిషస్ దాకా పాకిన రాక్షస నత్త అకటినా ఫూలికాను 1847లో కలకత్తాకు తెచ్చాడు. హార్లెస్ హెలిక్స్ రక్తంలో రాగిని ప్రకటించిన సంవత్సరం కూడా అదే కావడం కేవలం యాదృచ్ఛికం. చౌరంగీ తోటలోకి చేరిన ఆ నత్త తర్వాతి కాలంలో దేశంలో చాలా ప్రాంతాలకు, కోస్తా ఆంధ్ర తోటలకు సైతం, పాకి రైతులకు బెడదైంది. ఆ బెడదనే కలకత్తా జాదవ్‌పూర్‌లోని భారత రసాయన జీవశాస్త్ర సంస్థలో చిత్రా మండల్, సహ పరిశోధకులు ముడిసరుకుగా వాడుకున్నారు. 1980లలో ఆ బృందం అకటినా రక్తం నుంచి అకటినిన్-హెచ్ అనే లెక్టిన్‌ను వేరుచేసింది. కణాల పైపొర చివర ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెరకు ఒక అసిటైల్ గుంపు ప్రత్యేక స్థానంలో చేరినప్పుడే అది అంటుకుంటుంది. పిల్లల్లో వచ్చే ఒక తరహా రక్తక్యాన్సర్ కణాల మీద ఆ మార్పు ఎక్కువగా కనబడటంతో, చికిత్స తర్వాత మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను పసిగట్టడానికి, ఆపై కాలా అజార్ రోగుల రక్తాన్ని గుర్తించడానికి ఆ లెక్టిన్‌ను పరీక్షించారు.

అదే నత్తలో దొరికిన మరో ప్రోటీను ఇంకా ఆసక్తికరం. కరోనా కాలంలో రక్తపరీక్షలు చేయించుకున్న ప్రతి ఇంటికీ సి.ఆర్.పి. అన్న మూడక్షరాలు పరిచయమే. సి-రియాక్టివ్ ప్రోటీన్ అనే ఆ పదార్థాన్ని 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే వైద్యులు న్యుమోనియా రోగుల రక్తంలో కనుగొన్నారు. ఆరోగ్యవంతుడైన మనిషిలో అది బహు స్వల్పంగా ఉండి, ఇన్‌ఫెక్షన్ రాగానే వందల రెట్లు పెరుగుతుంది. దానికి పోలికున్న ప్రోటీను అకటినా రక్తంలో ఉందని 1990ల ఆరంభంలో తేలింది. నత్తలో మాత్రం అది జబ్బు ఉన్నా లేకున్నా ఎప్పుడూ పెద్ద మోతాదులోనే ఉంటుంది. యాంటీబాడీల సాయం లేని జీవికి ఆపద వచ్చాక ఆయుధం తయారుచేసుకునే వ్యవధి ఉండదని, అందుకే నిల్వ ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటుందని దీనికి చెప్పుకోదగిన వివరణ.

రక్తం దాకా రాకముందే శత్రువును అడ్డుకునేది చర్మం మీది జిగురు. అకటినా జిగురుకు బాక్టీరియాను చంపే గుణం ఉందని 1982లో జపాన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ గుణానికి మూలమైన అకసిన్ అనే ప్రోటీను అమైనో ఆమ్లాలను ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుందని తర్వాత తేలింది. గాయాలు కడగడానికి మందుల షాపుల్లో దొరికే ద్రవంలో ఉండే పదార్థం కూడా అదే.

ఇక ఉప్సలా నాటి నీలి ప్రోటీను సంగతి. హీమోసయనిన్ ఆక్సిజన్‌ను మోయడమే కాక, ఫీనాల్ పదార్థాలను ఆక్సీకరించే ఎంజైములా కూడా కొంతమేర పనిచేయగలదని ఇటీవలి దశాబ్దాల్లో చూపారు. కీటకాలు తదితర జీవుల్లో ఈ ఎంజైము చర్యే చొరబడిన సూక్ష్మజీవి చుట్టూ నల్లని, విషపూరితమైన పొరను కడుతుంది. హెలిక్స్ హీమోసయనిన్‌లో ఆ శక్తి బలహీనమే, కొన్ని రసాయనాలతో దాని ఆకృతిని కాస్త సడలిస్తే పెరుగుతుంది. సోఫియాలోని బల్గేరియా విజ్ఞాన అకాడమీ పరిశోధకులు తోటనత్తల హీమోసయనిన్‌ను మూత్రాశయ క్యాన్సర్ కణాల మీద పరీక్షిస్తున్నారు. ప్రశ్న మళ్లీ మనిషి వైపుకే తిరిగిందన్నది గమనించదగినది. రక్తంలోని ప్రోటీన్లలో తొంభై శాతానికి పైగా ఉన్న పదార్థం నత్త ఆరోగ్యంలో పోషించే పాత్రకు ప్రయోగశాల గ్లాసులో కన్నా బతికున్న నత్తలో సమాధానం వెతకాలి. హాంబర్గ్ తరహా ప్రయోగాలు అందుకే ఇంకా అవసరం.

ఈ రక్షణకు ఒక స్పష్టమైన హద్దు ఉంది. ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక సన్నని పురుగు, 1935లో కాంటన్‌లో మొదటిసారి వర్ణించబడినది, తన బాల్యదశను నత్తల్లో, ముఖ్యంగా అకటినా వంటి నేలనత్తల్లో గడుపుతుంది. ఎలుక మలం ద్వారా నత్త కండలోకి చేరిన ఆ పురుగు పిల్లను నత్త రక్తకణాలు గుర్తుపట్టకపోవు. వరుసలుగా చేరి చుట్టూ గోడ కడతాయి. కానీ ఆ గోడ లోపల పురుగు చావదు, ఎలుక నత్తను తినేదాకా నెలల తరబడి బతికే ఉంటుంది. పచ్చి నత్తనో, సరిగా ఉడకని నత్తనో, నత్త పాకిన ఆకుకూరను కడగకుండానో తిన్న మనిషిలోకి అది చేరితే మెదడు పొరల వాపు వస్తుంది. నత్తలు విరివిగా ఉన్న తోటల్లో వాటిని ఉత్త చేతులతో ఏరవద్దని వ్యవసాయ శాఖల వారు రైతులకు చెప్పేది ఇందుకే.